కత్తిరింపుల ఫైలు
(కర్నూలులో పెన్షనర్ల దినోత్సవం నాడు చేసిన ప్రసంగ పాఠము)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా గారి కేసులో తీర్పు చెప్పి, పెన్షను అనేది దొరగారి దయ కాదు, పనిచేసినవాడి హక్కు అని తేల్చింది. ఏటా ఈ రోజు మనం కరువు భత్యం గురించి, బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడుకుంటాము. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు ఇంతకుముందే చెప్పారు. నాకు కార్యదర్శిగారు అప్పగించిన విషయం వేరు. ఈసారి ప్రత్యేక సంచికలో సభ్యుల ఇళ్ళలో రోజూ చేసుకునే వంటలకు నాలుగు పేజీలు కేటాయించారు. "మీ ఇంట్లో పత్రికల వంటల కత్తిరింపులు ఫైలు ఉందట కదా, దాని గురించి పది నిమిషాలు చెప్పండి" అన్నారు. సరేనన్నాను. అన్న తరువాత రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఎందుకో ముందుకు పోయేకొద్దీ మీకే తెలుస్తుంది.

నేను 1972లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయాను. ముప్పై ఆరేండ్లలో నంద్యాల, బనగానపల్లె, ఆదోని, మళ్ళీ కర్నూలు. 1976లో పెండ్లయింది. మా ఇంటామెది ప్రొద్దుటూరు పక్క పల్లె. మాది కర్నూలు. కడపకూ కర్నూలుకూ ఎంత దూరమని అనుకుంటారు గానీ, వంటింట్లో ఆ దూరం తెలుస్తుంది. మా అమ్మ బక్షాలు అనేది, ఆమె ఓళిగలు అనేది. మా ఇంట్లో జొన్నరొట్టె, వాళ్ళింట్లో రాగి సంగటి. ఆమెకు రొట్టె తట్టడం రాదు, మా అమ్మకు సంగటి కెలకడం రాదు. కొత్తలో ఇద్దరూ రాజీపడి అన్నం వండేవాళ్ళు.

అప్పుడు మా వీధి చివర ఒక బాడుగ పుస్తకాల అంగడి ఉండేది. వారపత్రిక ఒకరోజుకు పది పైసలు. ఆమె ఏడో తరగతి దాకా చదువుకుంది. సీరియళ్ళు చదివేది, కానీ ముందు తెరిచేది వంటల పేజీ. బాడుగ పుస్తకం కత్తిరించకూడదు కదా, అందుకని చూసి రాసుకునేది. నేను ఆఫీసు నుంచి ఒకవైపు టైపు కొట్టి పనికిరాకుండా పోయిన కాగితాలు తెచ్చి ఇచ్చేవాణ్ణి. (ఆడిట్‌వారు ఎవరైనా ఈ సభలో ఉంటే క్షమించాలి.) జీతం కొద్దిగా పెరిగాక పత్రిక కొనడం మొదలుపెట్టాము. అప్పటి నుంచి కత్తెర వచ్చింది. పాత పేపర్లవాడు వస్తే, ఆమె ఒక్కొక్క పేజీ తిరగేసి చూడనిది వాడి తక్కెడలోకి ఒక్క కాగితం పోయేది కాదు.

ఈ వంటల పేజీలకు మన భాషలో పెద్ద చరిత్రే ఉంది. మద్రాసులో డాక్టరు కేసరిగారు ఆడవారి కోసమే 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు. 1952లో ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రిక వచ్చాక, అందులో మాలతీ చందూర్‌గారు ప్రమదావనం అనే శీర్షిక నడిపారు. వంటలు, కుట్లు, పిల్లల పెంపకం, మొగుడితో తగాదాలు, ఎవరు ఏమడిగినా జవాబు చెప్పేవారు. ఆ శీర్షిక దశాబ్దాల తరబడి సాగింది. ఆమె నవలకు సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది గానీ, మన ఇళ్ళలో ఆమె పేరు చెబితే ముందు గుర్తుకు వచ్చేది 'వంటలు-పిండివంటలు' పుస్తకమే. పెండ్లిలో స్టీలు గిన్నెలతో పాటు ఆ పుస్తకం చదివించిన ఇళ్ళు నాకు తెలుసు. కొత్తగా కాపురానికి పోయి, అత్త దగ్గర లేక, ట్రాన్స్‌ఫర్ల మీద ఊరూరా తిరిగే మన ఉద్యోగుల భార్యలకు ఆ పేజీలే పెద్దదిక్కు. 2013లో మాలతీ చందూర్‌గారు చనిపోయినప్పుడు మా ఇంటామె ఆ రోజు పేపరు మడిచి ఫైల్లో పెట్టింది. అది వంట కాదు కదా అన్నాను. "వంటలు చెప్పినామె కదా" అంది.

అయితే ఆ పేజీల్లో ఒక ఇబ్బంది ఉండేది. అందులోని భాష కృష్ణా, గోదావరి పక్కది. మరమరాలు అని ఉండేది. మనకు అవి బొరుగులు. ఉల్లిపాయలు మనకు ఎర్రగడ్డలు, వెల్లుల్లి తెల్లగడ్డ, మినప్పప్పు ఉద్దిబేడలు. బంగాళాదుంప అంటే ఆమె ఏదో బంగాళాఖాతంలో దొరికేది అనుకుంది. ఉర్లగడ్డ అని చెబితే "అంతేనా!" అని నవ్వింది. కొలతలు ఇంకో తంటా. పాత పేజీల్లో సోలలు, గిద్దలు ఉండేవి. మాకు పడి తెలుసు, శేరు తెలుసు. నాలుగు గిద్దలైతే ఒక సోల అని నేను ఎవరినో అడిగి తెలుసుకొని వచ్చి, వీశెకు నూట ఇరవై తులాలు, అంటే దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు అని, ఆఫీసులో రెడీ రెకనర్ రాసినట్టు ఒక పట్టిక రాసి వంటింటి గోడకు అంటించాను. ఆమె దాన్ని ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. చేత్తో తీసి వేసేది.

ఇంకొకటి, 'తగినంత'. ఉప్పు తగినంత, కారం తగినంత, నూనె తగినంత. నేను గుమాస్తాను. ఒక జీవోలో 'తగినంత సొమ్ము మంజూరు చేయడమైనది' అని ఉంటే ట్రెజరీలో బిల్లు పాసవుతుందా? ఇదేమి రాత అని నవ్వేవాణ్ణి. ఆమె మాత్రం ఆ కాగితం పక్కన పెన్సిలుతో రాసి పెట్టుకునేది. "నాలుగు మిరక్కాయలు మనకు చాలవు, ఏడు." "నలుగురికి అని రాసినారు, ఇద్దరికి సరిపాయె." "వెనిగరంట. నిమ్మకాయ పిండితే సరి." "ఇది చేయొద్దు. నూనె దండగ." ఇట్లా ప్రతి కాగితం పక్కనా ఉండేది. నేను ఆ కాగితాలన్నీ రంధ్రాలు కొట్టి, ట్యాగు వేసి, పప్పులు, కూరలు, పచ్చళ్ళు, పిండివంటలు అని విభాగాలు చేసి, ఫౌంటెన్ పెన్నుతో సీరియల్ నంబర్లు వేసి, ముందు ఇండెక్సు పెట్టాను. నాలుగు వందల చిల్లర నంబర్లు వచ్చాయి. మా ఇంట్లో నేను వంటకు చేసిన సేవ అంతవరకే.

ఆ ఫైలు తిరగేస్తే మన సీమ చరిత్ర కొంత కనిపిస్తుంది. 1983లో ఎన్టీ రామారావుగారు కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. మంచి పనే. నేను కార్డులు రాసినవాణ్ణి, ఆ బియ్యం కోసం నిలబడినవారి ముఖాలు నాకు తెలుసు. అప్పటిదాకా పల్లెల్లో వరి అన్నం పండుగకో, చుట్టం వస్తేనో. ఆ తరువాత రోజూ అన్నమే అయింది. కొర్రలు, జొన్నలు తినేవాడంటే లేనివాడు అన్న చిన్నచూపు మా ఇండ్లలోకీ వచ్చింది. పత్రికలు కూడా అంతే. అందులో పులిహోర ఉంది, పలావు ఉంది, మైసూరుపాకు ఉంది. కొర్రన్నం, సంగటి, ఊరుబిండి వేసిన కాగితం మొదటి ఇరవై ఐదేండ్ల ఫైల్లో నాకు ఒక్కటీ కనిపించలేదు. అవి వంటలని ఎవరూ అనుకోలేదు, మేమూ అనుకోలేదు. ఇప్పుడేమో ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది. పేపరు తెరిస్తే కొర్రల పొంగలి, కొర్రల బిర్యానీ. మా అవ్వ తిన్న కొర్రలను ఈరోజు నేను బియ్యం కంటే ఎక్కువ రేటు పెట్టి కొని, షుగరు డాక్టరు చెప్పాడని తింటున్నాను. సరే, ఆ విషయం అట్లుంచుదాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

1988లో ఒక వారపత్రిక వాళ్ళు పాఠకుల నుంచి వంటలు కోరుతూ పోటీ పెట్టారు. మేము అప్పుడు ఆదోనిలో ఉన్నాము. అక్కడ ఉగ్గాని, బజ్జి ఎట్లా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. బళ్ళారి దగ్గర కదా, ఆ పక్క దీన్నే మండక్కి ఒగ్గరణె అంటారు. ఆమె పక్కింటి కన్నడామె దగ్గర నేర్చుకొని, తన చేతి వాటం కొంత కలిపి చేసేది. ఆ ఉగ్గాని రాసి పంపుతానంది. రెండు రోజులు కూర్చొని ఒక కాగితం నిండా రాసింది.

నేను చదివాను. చదివి డ్రాఫ్టు దిద్దినట్టు దిద్దాను. బొరుగులు కొట్టేసి మరమరాలు అని రాశాను. ఎర్రగడ్డ కొట్టేసి ఉల్లిపాయ. 'వేయాల' కొట్టేసి 'వేయవలెను'. ఫెయిర్ కాపీ రాసి చూపించాను. ఆమె చదివి, "ఇది నేను రాసింది కాదే" అంది. "పత్రికవాళ్ళు నవ్వుతారు" అన్నాను. "నవ్వితే నవ్వనీలే. నాదే పంపండి" అంది. సరేనని ఆమె కాగితమే కవరులో పెట్టి, స్టాంపు అంటించి, ఆఫీసు దగ్గర డబ్బాలో వేద్దామని తీసుకుపోయాను. మా సెక్షనులో ఒకాయన నా బల్ల మీద కవరు చూశాడు. పత్రిక చిరునామా చూసి ఏమిటని అడిగాడు. చెప్పాను. "ఉగ్గానికి కూడా పోటీనా? రేపు గంజికి కూడా రాస్తారేమో" అని పదిమందికీ వినబడేటట్టు నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కవరు సొరుగులోకి తోశాను. రేపు వేద్దాం, ఎల్లుండి వేద్దాం అనుకుంటూ గడువు తేదీ దాటిపోయింది.

ఆమె వారం వారం పత్రిక కోసం ఎదురుచూసేది. పేపరు కుర్రవాడి సైకిలు గంట వినబడితే తడిచేతులతోనే పోయేది. ఫలితాలు వచ్చాయి, ఆమె పేరు లేదు. సాధారణ ప్రచురణకు తీసుకున్నవి కూడా నెలల తరబడి వేశారు, అందులోనూ లేదు. "మన రాత వాళ్ళకు నచ్చలేదేమో" అంది. నేను, "వేలమంది రాసుంటారు" అన్నాను. అబద్ధం ఆడానని ఒప్పుకోవడానికి ఆ మాట చాలు. ఆమె మళ్ళీ ఏ పత్రికకూ రాయలేదు. కాగితాల పక్కన పెన్సిలు రాత మాత్రం మానలేదు.

నాకు ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు సొరుగు ఖాళీ చేసి కాగితాలన్నీ ట్రంకు పెట్టెలో వేసుకొని వచ్చాను. ఆ కవరు అందులో ఉందని నాకు తెలుసు. తీసి చూడలేదు.

2009 అక్టోబరు 2 ఈ ఊళ్ళో ఉన్నవారు ఎవరూ మరిచిపోరు. గాంధీ జయంతి సెలవు. తుంగభద్ర ఒకవైపు, హంద్రి ఒకవైపు ఊరి మీదికి వచ్చాయి. పాతబస్తీలో మా ఇంట్లో నీళ్ళు సీలింగు దాకా లేచాయి. మేము మేడ మీదికి పోయి, మరునాడు బయటపడి, చుట్టాల ఇంట్లో ఉండి, నీళ్ళు తీశాక వచ్చాము. బియ్యం, పప్పులు, బట్టలు, టీవీ, నా సర్వీసు రిజిస్టరు జిరాక్సులు, అన్నీ బురద. ఆ బురదలో ఆమె ముందు వెతికింది ఫైలు. ముద్దగా అయిపోయి ఉంది. మిద్దె మీద తాళ్ళు కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి, ఒక్కొక్క కాగితం విడదీసి ఆరబెట్టాము. సగానికి పైగా పోయాయి. మిగిలినవాటిలో నేను ఫౌంటెన్ పెన్నుతో వేసిన నంబర్లు, ఇండెక్సు, విభాగాల పేర్లు అన్నీ కడుక్కుపోయి నీలం మరకలు మిగిలాయి. ఆమె పెన్సిలు రాత ఒక్క అక్షరం చెడలేదు. పెన్సిలు నీళ్ళకు కరగదు కదా.

ట్రంకు పెట్టెలోని కాగితాలు నేను తీస్తానంటే వినలేదు. తనే తీసింది. కవరు దొరికింది. స్టాంపు ఊడి పక్కకు అతుక్కొని ఉంది, దాని మీద ముద్ర లేదు. కవరు విప్పింది, కాగితం తీసింది, పొడుగునా చదివింది. నా వైపు చూసి "పోస్టు చేయలేదా?" అంది. లేదన్నాను. ఆఫీసులో నవ్వారని చెప్పాను. ఇరవై ఒక్క సంవత్సరాల తరువాత ఆ మాట ఎంత చిన్నగా వినిపించిందో చెప్పలేను. తిడుతుందేమోనని నిలబడ్డాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత ఆ కాగితాన్ని కూడా తాడుకు క్లిప్పు పెట్టి, "అయితే వాళ్ళకు నచ్చక కాదు" అంది.

అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనే ఎత్తలేదనాలి.

2017లో ఆమె పోయింది. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి వచ్చి ఉండమన్నాడు. రెండు నెలలు ఉండి వచ్చేశాను. ఇక్కడ క్యారియరు భోజనం కొన్నాళ్ళు తిన్నాను. ఒకరోజు సాయంత్రం ఆకలి కాలేదు గానీ ఉగ్గాని వాసన గుర్తుకు వచ్చింది. ఫైలు తీశాను. అరవై ఏడేండ్ల వయసులో మొదటిసారి స్టవ్ దగ్గర నిలబడ్డాను. మొదటిసారి బొరుగులు నానబెట్టి ముద్ద చేశాను. 'వెంటనే పిండుకోవాల' అని ఆమె రాసిన మాట నేను సరిగా చదవలేదు. రెండోసారి కుదిరింది. ఇప్పుడు పప్పు, రెండు మూడు కూరలు, చెనిగ్గింజల చట్నీ, చిత్రాన్నం చేస్తాను. సంగటి ఇంకా సరిగా రాదు. నూకలు ఉడికాక పిండి పోసి కదపకుండా పెట్టడం వరకు బాగానే ఉంటుంది, కెలికేటప్పుడు ఉండలు కడుతుంది. అచ్చు వేసిన రాత చూసి కాదు నేను వండేది, పక్కన ఉన్న పెన్సిలు రాత చూసి. 'తగినంత' అన్నచోట ఆమె ఎంతో రాసింది.

ఈ సభలో ఒంటరిగా వండుకునే మగవారు నాలాంటివారు కనీసం పదిమంది ఉన్నారని నాకు తెలుసు. చెప్పుకోరు. మన పేజీలు వారికి పనికివచ్చేటట్టు ఉండాలి. ఒక్కరికి, ఇద్దరికి కొలతలు రాయండి. రాత్రి మిగిలిన అన్నం ఏమి చేయాలో రాయండి. ఉప్పు తక్కువ తినవలసినవారికి ఏది రుచిగా ఉంటుందో రాయండి. పల్లు లేనివారికి రాయండి. జీడిపప్పు, కుంకుమపువ్వు వద్దు, నెలాఖరులో వండుకోగలిగినవి రాయండి.

కార్యదర్శిగారికి మూడు మనవులు ఉన్నాయి. తల్లులు ఏ మాటలో రాసి ఇస్తే ఆ మాటలోనే అచ్చు వేయండి. మటిక్కాయలు అని రాస్తే గోరుచిక్కుడు అని దిద్దవద్దు. రాసినామె పేరు వేయండి, ఫలానావారి భార్య అని వేయవద్దు. మూడోది భర్తలకు. కాగితం మీ చేతికి ఇస్తే అదే రోజు తెచ్చి ఇక్కడ ఇవ్వండి.

మొదటి కాగితం నేనే తెచ్చాను. కవరుతో సహా కార్యదర్శిగారి చేతికి ఇస్తున్నాను. ఇందులో నేను ఒక్క అక్షరం దిద్దలేదు. చదువుతాను.

"ఉగ్గాని. బొరుగులు ఒక పడి. ఎర్రగడ్డలు పెద్దవి రెండు, సన్నగ తరుక్కోవాల. పచ్చిమిరక్కాయలు ఆరు, పిల్లోళ్ళుంటే నాలుగు. టమేటా ఒకటి. పప్పులు, ఎండుకొబ్బెర, తెల్లగడ్డ రెండు పాయలు కలిపి పొడి చేసి పెట్టుకోవాల. ఆ పొడి ఒక గుప్పెడు. బొరుగులు నీళ్ళలో ముంచి వెంటనే పిండుకోవాల, నానితే ముద్దయితాయి. బాండ్లిలో నూనె కాగినాక ఆవాలు, ఉద్దిబేడలు, చెనిగబేడలు, కరేపాకు వేసి, ఎర్రగడ్డలు, మిరక్కాయలు మగ్గినాక టమేటా, పసుపు, ఉప్పు వేయాల. బొరుగుల్లో ఉప్పు ఉంటాది, చూసుకోని వేయాల. పిండిన బొరుగులు వేసి కలిపి, పొడి చల్లి, దించినాక నిమ్మకాయ సగం పిండాల. పక్కన మిరక్కాయ బజ్జీలు ఉండాల. ముందే చేసి పెడితే ఆరిపోతాది. ఆయన ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాకనే బాండ్లి పెట్టాల."